ఆదివారం గదిలో ఆరో పుస్తకం

విడిపోయిన మొగుడూ పెళ్ళాల మధ్య కూర్చుని మాట్లాడించడమే నా ఉద్యోగమని చెబితే మా బంధువుల్లో చాలామంది నమ్మేవాళ్ళు కాదు. "దానికి జీతం గూడ ఇస్తారా?" అని మా చిన్నమ్మ అడిగేది. ఇచ్చేవాళ్ళు. ఆదోనిలో కోర్టు పక్కనే నడిచే కుటుంబ సలహా కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మీకు బాగా గుర్తున్న కేసేది మేడం అని అడుగుతుంది. కోర్టు మెట్ల మీద కొట్లాటో, పోలీసులు వచ్చిన గొడవో చెబుతానని ఆమె ఆశ. అలాంటివి లేకపోలేదు, కానీ అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఏది ఎవరిదో మరిచిపోయాను. మరిచిపోనిది ఒక్కటే, అది ఒక పిల్లల పుస్తకం గురించి. ఆమె కోసమూ, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసమూ రాస్తున్నాను. పేర్లు అడగకండి. మా పనిలో పేర్లు బయటికి రాకూడదు.

భర్తది ఆదోని. పత్తి వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం. తండ్రి, అన్నలు, వదినలు, అందరూ ఒకే ఇంట్లో. భార్యది ఎమ్మిగనూరు. వాళ్ళ నాన్న మంత్రాలయం దగ్గర బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు, ఆమె కూడా టీచరే. వాళ్ళకు ఒకతే కూతురు, ఐదో తరగతి. ఆమె పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళి ఏడాది దాటాక కేసు మా దగ్గరకు వచ్చింది.

తాగుడు లేదు, కొట్టడం లేదు, ఇంకో మనిషి లేదు. ఇలాంటి కేసులే కష్టం. ఏదో ఒక తప్పు కంటికి కనబడితే దాని చుట్టూ మాట్లాడవచ్చు. ఇక్కడ ఆమె చెప్పిందంతా ఒకటే. ఆ ఇంట్లో అందరూ తన గురించి ఏదో ఒకటి అనేవాళ్ళేనట. ఉద్యోగం ఎందుకన్నారు, వంటింట్లో తన వంతు ఎగ్గొడుతోందన్నారు, పిల్లను తెలుగు మీడియంలో ఎందుకు వేశావన్నారు. అవన్నీ భరించేదాన్నే అంది.

"ఆయన పక్కనే కూర్చోని ఉంటాడు మేడం. అందరూ అనేది ఇంటాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నా పక్క మాట్లాడతాడేమోనని పదేండ్లు చూసినా. మాట్లాడలేదు."

ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడిగాను. రెండు మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. మీ ఆవిడ చెప్పింది నిజమేనా అంటే తల ఊపాడు. ఎందుకు మాట్లాడలేదంటే మళ్ళీ తల ఊపాడు. మూగవాడేమో అని నాకు నిజంగానే అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చింది ఆమే.

పాపకు ఆరేళ్ళప్పుడు ఆమె ఒక కథల పుస్తకం కొనిచ్చిందట. వరసగా వచ్చే సాహస కథల్లో మొదటిది. రాత్రిళ్ళు ఆమె బడి పేపర్లు దిద్దుకుంటుంటే ఆయన పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవాడు. ఇంట్లో ఎవరితోనూ నోరు విప్పని మనిషి పుస్తకం తెరిస్తే ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టేవాడట. పాప పెద్దదయ్యాక సగం పాఠం ఆయన, సగం పాఠం తను చదువుకునేవాళ్ళు. అట్లా ఐదు పుస్తకాలు అయ్యాయి. ఆ తర్వాత ఇల్లు రెండయింది. చివరిదైన ఆరో పుస్తకం, విడిపోయిన తర్వాత వచ్చింది. ఆమె కొని పాప చేతిలో పెట్టింది, రా చదువుకుందామంది. పాప ఒక పేజీ విని పుస్తకం మూసేసిందట.

"నీకు మేక గొంతు రాదు అనింది మేడం," అని చెప్పి ఆమె నవ్వబోయి ఆపుకుంది.

ఆ పుస్తకాల్లో ఏముందో నేను తర్వాత ఆదివారాల్లో వరండాలోంచి విని తెలుసుకున్నాను. ఒక అమ్మాయి, ఒక కుంటి మేక. అమ్మాయి వాళ్ళ తాత ఎప్పుడో దారి తప్పి వేరే లోకంలో చిక్కుకుపోయాడు. పాత కోటలో ఒక దిగుడు బావి ఉంటుంది, దాని మెట్ల అడుగున ఆ లోకానికి దారి. ఒక్కో పుస్తకంలో ఒక్కో దేశం దాటుతారు. ఒక చోట మనుషుల నీడలు అమ్మే సంత ఉంటుంది, ఒక చోట రాత్రయితే రాళ్ళు లేచి నడుస్తాయి. మేకకు మాటలొచ్చు, కానీ పుస్తకం మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. తాత దొరుకుతాడా, అందరూ ఇల్లు చేరతారా అనేది ఆరో పుస్తకంలో తేలాలి.

మా కేంద్రంలో నాతోపాటు ఒక పెద్దాయన ఉండేవాడు. హెడ్మాస్టరుగా చేసి రిటైరై, మధ్యవర్తిగా వచ్చేవాడు. జేబులో ఎప్పుడూ వక్కపొడి పొట్లం. మనసు మంచిది, ఓపిక తక్కువ. ఏ గొడవైనా మధ్యాహ్నం భోజనానికి ముందే తేలిపోవాలని ఆయన కోరిక. పాపను తండ్రికి చూపించే విషయం దగ్గర రెండు పక్షాలూ మొండికేశాయి. ఆదోని ఇంటికి పంపితే తిరిగి పంపరేమోనని ఆమెకు భయం. తండ్రికి చూసే హక్కయినా లేదా అని ఆయన తరఫు లాయరు. ఆయన మాత్రం యథాప్రకారం నేల చూస్తున్నాడు. అప్పుడు పెద్దాయనకు ఆ పుస్తకం గుర్తొచ్చింది.

"ఒక పని సేద్దామప్పా. ఆ ఆరో పుస్తకమేదో తండ్రీ బిడ్డా ఇద్దరూ కలిసి సదువుకోనీండి. ఆదివారం ఆదివారం ఈడికే, మా కండ్ల ముందరే. పుస్తకం అయిపోయేదాకా. అది అయినాక మల్లా సూద్దాం."

అందరికీ నచ్చింది. ఆమె ఒప్పుకున్నది దానికొక ముగింపు ఉందని. ఆయన ఒప్పుకున్నది ఎట్లాగో ఒకట్లా మొదలవుతుందని. నాకైతే పెద్దాయన మీద గౌరవం పెరిగింది. ఆ రోజు మేము నలుగురం పెద్దవాళ్ళం, ఇద్దరు లాయర్లు, ఒకరినొకరు మెచ్చుకుంటూ లేచాం. పాప గోడ వారన బెంచీ మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది. ఆ పిల్లకు చెవులున్నాయని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆదివారం కోర్టు ఆవరణ ఖాళీగా ఉంటుంది. మా అటెండరు వచ్చి గది తాళం తీసేది. ఆదోనిలోనే పుట్టి పెరిగిన మనిషి, సగం ఉర్దూ సగం తెలుగు కలిపి మాట్లాడేది. ఆదివారం కూడా రావాలా అని మొదట విసుక్కుంది గానీ, రెండో వారానికి చీపురు పక్కన పెట్టి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్మ బిడ్డను ఎమ్మిగనూరు బస్సులో తీసుకొచ్చి గేటు దగ్గర దించి, తెలిసినవాళ్ళింటికి వెళ్ళిపోయేది. భర్త ముఖం చూడకుండా ఉండటానికి. ఆయన ముందే వచ్చి, కాగితంలో కట్టిన బొరుగుల ఉగ్గాని, బజ్జీ బల్ల మీద పెట్టుకుని కాచుకుని ఉండేవాడు.

మొదటి ఆదివారం ఆయన మేక గొంతు పెట్టి చదివినప్పుడు నేను పక్క గదిలో ఫైళ్ళు సర్దుతున్నాను. బొంగురుగా, ముక్కుతో, ముసలి మనిషి విసుక్కున్నట్టు ఉంది ఆ గొంతు. పాప పకపకా నవ్వింది. నేల చూస్తూ కూర్చున్న మనిషేనా ఇతను అని నేను వచ్చి తొంగి చూశాను. అతనే. పాప తన సగం అందుకుని గడగడా చదివింది. ఎక్కడా ఆగలేదు.

సగం పుస్తకం దాకా అలాగే సాగింది. అక్కడి నుంచి పాప చదువు మందగించింది.

ముందు ఒత్తుల దగ్గర తడబడింది. తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. పేజీ చివరికొచ్చి, మరిచిపోయానని మళ్ళీ మొదటికి పోయేది. సొరంగం అంటే ఏమి, శిఖరం అంటే ఏమి అని ప్రతి మాటకూ అర్థం అడిగేది. ఒక పాఠం రెండు ఆదివారాలు పట్టింది. తర్వాతది మూడు. గుమ్మం దగ్గరున్న మా అటెండరుకు ఓపిక పోయింది. "ఇట్ల సదివితే నేను రిటైర్ అయ్యేలోపల ఆ ముసలోడు దొరకడు మేడం," అని నా దగ్గర వాపోయింది.

నేను తండ్రిని గమనించాను. ఆయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. దిద్దలేదు. పాప మళ్ళీ మొదటి నుంచి అంటే, సరే అనేవాడు. అర్థం అడిగితే నిదానంగా చెప్పేవాడు. బిడ్డ చదువు ఇట్లా వెనకబడిపోతుంటే ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదే అనుకున్నాను.

తల్లికి తెలిసింది. ఆమె కంగారు పడింది. టీచరు బిడ్డ అక్షరాలు కూడబలుక్కోవడమేమిటని కళ్ళ డాక్టరుకు చూపించింది. కళ్ళు బాగున్నాయన్నాడు. నేనొక రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళి పాప బడిలో అడిగాను. వాళ్ళ క్లాసు టీచరు నన్ను వింతగా చూసింది. ప్రార్థన వేళ వార్తలు చదివేది ఈ పిల్లేనట. ఆ పొద్దున కూడా చదివిందట, తప్పు లేకుండా.

అంటే బడిలో బాగా చదువుతోంది. ఇంట్లో బాగా చదువుతోంది. తండ్రి ముందు కూర్చుంటేనే నోరు తిరగడం లేదు. తల్లి తరఫు లాయరుకు ఇంతకంటే ఏం కావాలి? తండ్రిని చూస్తే బిడ్డ బెదిరిపోతోంది, కలయికలు ఆపించండి అని కోర్టులో అర్జీ వేశాడు. మమ్మల్ని అభిప్రాయం రాయమన్నారు. పెద్దాయన చదివి, ఏం చేస్తామమ్మా, ఉన్నది రాయడమే కదా అన్నాడు. తండ్రిని పిలిచి అడిగాం. పాప ఎందుకు తడబడుతోందో మీకేమైనా తోస్తోందా అని. ఆయన చాలాసేపు నేల చూశాడు. చివరికి, తెలియదన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఏదో దాస్తున్నాడనిపించింది. ఈ ఉద్యోగంలో అంతకాలం ఉన్నాక నేల చూసే మగవాళ్ళ మీద ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. బిడ్డ తండ్రి సమక్షంలో సహజంగా ఉండలేకపోతోంది, కలయికలు కొంతకాలం ఆపడం మేలు అని చిత్తు రాశాను. పంపే ముందు ఇంకొక్క ఆదివారం చూద్దామని సొరుగులో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకిప్పటికీ తెలియదు. అంత గొప్ప జ్ఞానమేమీ కాదు. బహుశా ఆ రోజు టైపు చేసే అబ్బాయి రాలేదేమో.

ఆ ఆదివారం శ్రావణమాసంలో వచ్చింది. ఉరుకుంద ఈరన్న స్వామి జాతరకు జనం ఎట్లా కదులుతారో ఈ పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉన్న బస్సులన్నీ అటే తిప్పారు. తల్లీ కూతుళ్ళు రావలసిన వేళ దాటిపోయింది. తండ్రి గేటు దాకా పోతాడు, వస్తాడు. మళ్ళీ పోతాడు. చివరికి బస్టాండులో చూసి వస్తానని వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే వీళ్ళు షేర్ ఆటోలో వచ్చి దిగారు. ఇద్దరికీ వొళ్ళంతా దుమ్ము. తల్లి అలసిపోయి, ఎక్కడికీ వెళ్ళే ఓపిక లేక, ఆయన ఎట్లాగూ లేడు కదా అని వరండాలోనే కూర్చుంది.

పాప లోపలికి వచ్చి, తండ్రి లేకపోవడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

వస్తాడులే కూర్చో అన్నాను. బల్ల మీద పుస్తకం ఉంది. ఊరికే కూర్చోవడం ఎందుకని తీశాను. పాప గుర్తు పెట్టుకున్న చోట ఒక పక్షి ఈక ఉంది. మేక గొంతు నాకు రాదు గానీ నేను చదువుతానుండు, మీ నాన్న వచ్చేలోపల కొంచెం ముందుకు పోదాం అని చదవడం మొదలుపెట్టాను. మామూలుగానే చదివాను. ఒక పేజీ తిప్పాను. రెండోది తిప్పబోతుంటే పాప వచ్చి అరచేయి పేజీ మీద పెట్టేసింది.

"సదవద్దండి మేడం."

"ఏం? నా గొంతు బాలేదా?"

"మూడు పాఠాలే ఉండాయి."

"ఉంటే ఏమైంది? తాత దొరికేది తెలుస్తుంది కదా."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. ఇంత పెద్దదానికి ఇది కూడా తెలియదా అన్నట్టు ఉంది ఆ చూపు.

"ఆయప్ప దొరికితే పుస్తకం అయిపోతుంది. అయిపోతే నాన్న రాడు. ఆ పొద్దు వక్కపొడి తాత సెప్పినాడు కదా, అయిపోయేదాకనే అని. మీరూ ఆడనే ఉంటిరి."

ఉన్నాను. పక్కనే కూర్చుని తల ఊపాను కూడా.

గుమ్మం దగ్గర మా అటెండరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక తల్లి నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. లోపలికి వచ్చి పాప పక్కన కూర్చుని ఆ చేతిని పేజీ మీద నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడలేదు. పాప మాత్రం తప్పు చేసి దొరికిపోయినట్టు, నేను బాగానే సదువుతానమ్మా, ఊరికే అట్ల సదివినా అని చెప్పుకుంటోంది. కళ్ళ డాక్టరు దగ్గర అక్షరాలన్నీ సరిగ్గానే చెప్పాను కదా అంది. ఆ మాటకు తల్లి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు తండ్రి వచ్చాడు. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చాడు, చొక్కా తడిసిపోయింది. గదిలో భార్యను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. ఏడాదికి పైగా ఆమె ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఏది చెప్పినా మాకు చెప్పేది, మేము ఆయనకు చెప్పేవాళ్ళం. ఆ రోజు మేమెవరం అవసరం కాలేదు.

"పాప కావాలనే నిదానంగా సదువుతాందని తెలుసా?" అని అడిగింది.

ఆయన నేల చూశాడు. మళ్ళీ తల ఊపుతాడనుకున్నాను.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదట్నించీ. సొరంగమంటే దానికి తెలీకపోవడమేంది? రెండో పుస్తకమంతా సొరంగంలోనే కదా నడిచింది."

"మరి ఒకరికైనా సెప్పకూడదా? నేను దానికి ఏమైందో అని డాక్టర్ల సుట్టూ తిరుగుతాంటి."

"సెప్తే గబగబా సదివిస్తారనుకున్నా." ఆయన పాప వైపు చూశాడు. "నాకు గూడ అది అయిపోకుండుంటేనే మేలనిపించింది."

నాకు సొరుగులో ఉన్న కాగితం గుర్తొచ్చింది. ఆ టైపు అబ్బాయికి ఆ రోజు నేను మనసులో పెట్టిన దండాలు అతనికి తెలియవు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. నా నోట్లోంచి వచ్చిన మాటే కదమ్మా, నేనే వచ్చి వెనక్కి తీసుకుంటాను అన్నాడు. ఇంట్లో ఉన్న పంచెతోనే స్కూటరు మీద వచ్చాడు. జీవితమంతా పిల్లల మధ్య బతికిన మనిషి, ఆ పిల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చోవడానికి ఇబ్బంది పడ్డాడు. ఆ పొద్దు నేను తప్పు సెప్పినా పాపా, పుస్తకానికీ మీ నాన్న వచ్చేదానికీ సంబంధం లేదు అన్నాడు. పాప ఆయన్ని నమ్మలేదు. నేరుగా వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమాత్రం లోకజ్ఞానం ఆ పిల్లకు ఉంది. సరే అనాల్సిందెవరో తెలుసు.

ఇక్కడ ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. ఇలాంటి క్షణంలో తొందరపడి తల్లిని ఒప్పించకండి. నేనూ నోరు తెరవబోయి, ఎందుకో మూసుకున్నాను. ఆ తల్లి భయం అబద్ధం కాదు. పిల్లను పోగొట్టుకుంటానేమోనన్న భయం, ఒక కన్నీటి బొట్టుతో పోదు. ఆమెకు ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి. మా అటెండరు టీ తెచ్చింది. అందరం ఎవరి గ్లాసులోకి వాళ్ళం చూస్తూ తాగాం.

"ఆదివారం ఈడికే," అంది ఆమె చివరికి. "వాళ్ళింటికి కాదు. పాప పెద్దదై, తానే పోతానంటే అప్పుడు చూస్తాం. దీనికి ఒప్పుకుంటే పుస్తకం అయినా కాకున్నా ఒకటే."

ఆయన ఒప్పుకున్నాడు. ఈసారి తల ఊపలేదు, నోటితో చెప్పాడు. సరే, ఈడికే అన్నాడు.

పాప ఇంకా ఆరా తీసింది. వానాకాలంలోనా? పరీక్షలప్పుడా? ఉరుకుంద జాతరప్పుడు బస్సు లేకపోతే? అన్నిటికీ వాళ్ళమ్మే జవాబు చెప్పింది. అన్నీ అయ్యాక పాప పుస్తకం ముందుకు లాక్కుంది, ఈక తీసి పక్కన పెట్టింది, చదవడం మొదలుపెట్టింది. నేను ఉద్యోగంలో ఎన్నో మాటలు విన్నాను గానీ అంత హాయిగా ఏదీ లేదు. ఒత్తులు, పొల్లులు ఏవీ అడ్డం రాలేదు. నిండిన చెరువుకు తూము ఎత్తినట్టు చదివింది. తన సగం అయిపోయినా ఆపలేదు, తండ్రి సగం కూడా చదివేసింది. మేక వచ్చిన చోట మాత్రం ఆగి ఆయన వైపు పుస్తకం జరిపేది. ఒక్క గంటలో రెండు పాఠాలయ్యాయి. తర్వాత అందరికీ ఆకలేసి, చల్లారిపోయిన ఉగ్గాని పంచుకున్నాం.

సాయంత్రం సొరుగులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. మర్నాడు వేరేది రాశాను. చదివి జడ్జిగారు నవ్వారని బెంచి గుమాస్తా చెప్పాడు. నవ్వారో లేదో నాకు తెలియదు. తల్లి తరఫు అర్జీ వాపసు తీసుకున్నారు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇది విన్నవాళ్ళందరూ, అయితే వాళ్ళు మళ్ళీ కలిశారా అని అడుగుతారు. కలవలేదు. ఇద్దరి ఇష్టంతోనే విడాకులు తీసుకున్నారు. ఆమె ఎమ్మిగనూరులోనే ఉంది, ఆయన ఆదోనిలోనే. దాన్ని ఓటమి అనుకునే వయసు ఒకప్పుడు నాకూ ఉండేది. ఇప్పుడు కాదు. ఆ బిడ్డకు అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, మధ్యలో ఒక బస్సు ఉంది. చాలామందికి అదీ ఉండదు.

చివరి పాఠం తర్వాతి ఆదివారం చదివారు. ఆ రోజు తల్లి తెలిసినవాళ్ళింటికి వెళ్ళలేదు. ఎండగా ఉందని ఒక సాకు చెప్పి లోపలికి వచ్చి కూర్చుంది. మేక గొంతు ఎట్లా పెడతాడో చూడాలని ఉందని మా అటెండరుతో నిజం చెప్పిందట. పెద్దాయన కూడా వచ్చాడు, ఏదో ఫైలు మరిచిపోయానని. కాబట్టి ఆ పిల్లల కథ ముగింపు వినడానికి ఆ గదిలో ఒక పిల్ల, ఐదుగురు పెద్దవాళ్ళం ఉన్నాం.

కథలో దారులన్నీ మూసుకుపోతాయి. అమ్మాయి ఏడుస్తూ కూలబడిపోతుంది. అప్పుడు కుంటి మేక లేచి, ఏ హడావుడీ లేకుండా కుంటుకుంటూ నేరుగా పోయి ఒక గోడ ముందు నిలబడుతుంది. ఆ గోడ వెనకే తాత. మా అటెండరు అల్లా అని గుండె మీద చేయి వేసుకుంది. తాత దొరికాడు. దిగుడు బావి మెట్లెక్కి ఇల్లు చేరారు. పాప ఆఖరి వాక్యం చదివి, పుస్తకం మూసి, ఒక ఊపిరి వదిలింది. ఏడుస్తుందేమోనని అందరం చూశాం. ఏడవలేదు. బజ్జీలున్నాయా అని అడిగింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు నేనూ గేటు దాకా వెళ్ళాను. ముందు పాప, వెనక వాళ్ళిద్దరూ ఎడంగా నడుస్తున్నారు. గేటు దగ్గర ఆమె ఆగింది.

"ఆ మేకకు దారి ఎప్పుడు తెలిసింది?" అంది, ఆయన్ను కాదు, గాలిని అడిగినట్టు.

"మొదటి పుస్తకం నుంచే దానికి తెలుసు," అన్నాడు ఆయన.

"అదెట్లా? తెలిసుంటే అప్పుడే సెప్పుండొచ్చు కదా. ఆరు పుస్తకాలు ఎందుకు తిరగడం?"

"ఎవురూ అడగలా దాన్ని."

ఆమె ఆయన వైపు తిరిగింది. "అడగకపోతే సెప్పకూడదా? పక్కనే నడుస్తాంది కదా. ఆ పిల్ల పడే కష్టం కండ్లతో సూస్తాంది కదా."

ఆయన ఈసారి నేల చూడలేదు. "దానికి సెప్పేది రాలేదేమో," అన్నాడు. "కొన్నిటికి నడిచేది తెలుస్తుంది, సెప్పేది తెలీదు."

"నేర్చుకోవాల."

"నేర్చుకుంది కదా. లేటయింది, అంతే."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొగుడూ పెళ్ళాల మాట మధ్య నేను దూరనవసరం లేదని తెలిసిన సందర్భాలు చాలా తక్కువ. ఆమె ఇంకేదో అనబోతోంది. ఆయన కూడా వినడానికే నిలబడ్డాడు. రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు హారన్ కొట్టింది. పాప వెనక్కి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

"మిగిలింది వచ్చే ఆదివారం మాట్లాడుకోండి," అంది ఇద్దరితో. "బస్సు పోతాంది."